వినియోగదారుల అనుభవ పరిశోధన – పరిహరించవలసిన దోషాలు

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక వస్తువునో, సేవనో రూపొందించే ముందు దానిని వాడబోయేవారి అవసరాలను తెలుసుకోవడం ఆధునిక కాలంలో ఒక శాస్త్రంగా వృద్ధి చెందింది. ఆ శాస్త్రాన్ని ఆచరించేవారు సాధారణంగా చేసే పొరపాట్లను, వాటిని నివారించే మార్గాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

కావ్యానికి గుణాలు ఎంత ముఖ్యమో దోషపరిహారం కూడా అంతే ముఖ్యమని మన లాక్షణికులు భావించారు. దండి తన ‘కావ్యాదర్శం’లో పది గుణాలను చెప్పి, పది దోషాలను కూడా పేర్కొన్నాడు. గుణం లోపించిన కావ్యం చప్పగా ఉంటుంది. దోషం చేరిన కావ్యం చెప్పదలచిన అర్థాన్నే చెడగొడుతుంది. ఈ విషయం కావ్యానికి మాత్రమే కాదు, మనుషులను ప్రశ్నించి సత్యాన్ని తెలుసుకోదలచే ప్రతి ప్రయత్నానికీ వర్తిస్తుంది.

దరఖాస్తు పత్రాన్ని తయారుచేసేవారు ఒకరు, దానిని నింపేవారు మరొకరు. సెల్‌ఫోన్‌ను రూపొందించేవారు ఒకరు, వాడేవారు వేరొకరు. ఈ ఇరువురి మధ్య ఉండే దూరాన్ని తగ్గించడానికి చేసే అధ్యయనమే ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ రిసర్చ్’. దీనిని మనం వినియోగదారుల అనుభవ పరిశోధన అని చెప్పుకోవచ్చు. 1990వ దశకంలో ఆపిల్ సంస్థలో పనిచేసిన డొనాల్డ్ నార్మన్ ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అనే మాటకు ప్రాచుర్యం కల్పించాడు. మాట కొత్తదైనా భావం కొత్తది కాదు. ఆయుర్వేదం రోగిని పరీక్షించడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడు మార్గాలు చెప్పింది. వైద్యుడు మొదట చూస్తాడు, తరువాత తాకుతాడు, ఆ పైన అడుగుతాడు. నేటి పరిశోధకులలో చాలామంది మొదటి రెండింటినీ విడిచి మూడవదానితో ఆరంభిస్తారు. ఈ పాఠంలో చెప్పబోయే దోషాలలో సగానికి ఇదే మూలం.

ఒక స్వానుభవం

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో గ్రంథాలయ బాధ్యతను కూడా కొంతకాలం నాకు అప్పగించారు. తెలుగు పుస్తకాలను తీసుకొనేవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. కారణం తెలుసుకోవాలని ఒక ప్రశ్నావళి తయారుచేశాను. “నేటి విద్యార్థులలో పఠనాభిరుచి తగ్గిందని మీరు భావిస్తున్నారా?” అన్నది అందులో మొదటి ప్రశ్న. దాదాపు అందరూ “అవును” అని రాశారు. “గ్రంథాలయ సేవలు సంతృప్తికరంగా ఉన్నాయా?” అన్నది రెండవ ప్రశ్న. దానికీ “అవును” అనే రాశారు. పిల్లలకు చదువుమీద ఆసక్తి లేదని నిర్ధారించుకొని నేను నిశ్చింతగా ఉన్నాను.

కొన్ని నెలల తరువాత ఒకనాడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి కార్డుల పెట్టె ముందు చాలాసేపు నిలబడి, ఏమీ తీసుకోకుండా వెనుదిరగడం చూశాను. ఏ పుస్తకం కోసం వెదికావమ్మా అని అడిగాను. “రాజారాం కథలు సార్. లేదనుకుంటా” అన్నది. ఆ పుస్తకం మా వద్ద ఉన్నది. కానీ కార్డు ‘మధురాంతకం’ అన్న ఇంటిపేరు కింద ‘మ’ అక్షరంలో ఉన్నది. “ఇంటిపేరుతో పెట్టినారని నాకెట్ల తెలుస్తుంది సార్?” అని ఆమె అమాయకంగా అడిగింది. ఆరుద్ర కోసం వచ్చినవారు ‘భాగవతుల’ అని వెదకాలి. రచయితల ఇంటిపేర్లు తెలిసిన అధ్యాపకులకు ఆ అమరిక సుగమం, తెలియని విద్యార్థులకు అది మూసిన తలుపు. లోపం వారి అభిరుచిలో లేదు, మా పెట్టెలో ఉన్నది. అంతకుముందు ఎందరు అలా వెనుదిరిగిపోయారో లెక్క చెప్పగలిగినవారు ఎవరూ లేరు. ప్రశ్నావళిలో మూడు వందల జవాబులు చెప్పని సత్యాన్ని అయిదు నిమిషాల పరిశీలన చెప్పింది. నా ప్రశ్నావళిలో ఉన్న దోషాలను అప్పటినుంచి ఒక్కొక్కటిగా గుర్తిస్తూ వచ్చాను. వాటిలో ముఖ్యమైన వాటిని ఇప్పుడు పరిశీలిద్దాం.

1. జవాబును ప్రశ్నలోనే ఇమడ్చడం

“అభిరుచి తగ్గిందని భావిస్తున్నారా?” అన్న ప్రశ్నలోనే జవాబు దాగి ఉన్నది. ఒక్క మాట మారినా మనిషి జ్ఞాపకం సైతం మారుతుందని 1974లో అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ నిరూపించారు. వారు విద్యార్థులకు కార్ల ప్రమాదాల దృశ్యాలను చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. కొందరిని “బలంగా గుద్దుకొన్నప్పుడు” అనే అర్థం వచ్చే క్రియతో, మరికొందరిని “ఒకదానికొకటి తగిలినప్పుడు” అనే అర్థం వచ్చే క్రియతో ప్రశ్నించారు. చూసిన దృశ్యాలు ఒక్కటే. కానీ మొదటివారు చెప్పిన సగటు వేగం గంటకు సుమారు 41 మైళ్లు, రెండవవారు చెప్పినది సుమారు 32 మైళ్లు. ఒక క్రియాపదానికి ఇంత శక్తి ఉన్నది. భాషను అభ్యసించే విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. “ఈ కొత్త పద్ధతి మీకు సులభంగా ఉందా?” అని అడగరాదు. “ఈ పద్ధతిలో మీరు పని ఎలా పూర్తిచేశారో చెప్పండి” అని అడగాలి.

2. మొగమాటాన్ని అంగీకారంగా పొరబడడం

మన సీమలో ఇంటికి వచ్చినవారికి మొదట మంచినీళ్లు ఇస్తారు, తరువాత వారి మనసు నొప్పించని జవాబు ఇస్తారు. అది మన సంస్కారం. పరిశోధకునికి మాత్రం అదే పెద్ద పరీక్ష. 2012లో నికోలా డెల్, ఆమె సహచరులు ప్రకటించిన ఒక అధ్యయనం ఈ సంగతిని లెక్కలతో చూపింది. వారు బెంగుళూరులో 450 ముఖాముఖీలు నిర్వహించారు. రెండు సాధనాలను చూపి, వాటిలో ఏది మేలైనదని అడిగారు. ప్రశ్నించేవారే తయారుచేశారని భావించిన సాధనాన్ని జనం సుమారు రెండున్నర రెట్లు అధికంగా మెచ్చుకొన్నారు. రెండు సాధనాలూ ఒకే విధమైనవి అయినప్పుడు కూడా ఇదే జరిగింది. ప్రశ్నించేవారు దుబాసీ సాయంతో మాట్లాడే విదేశీయులైతే ఆ మొగ్గు అయిదు రెట్లకు పెరిగింది.

దీనికి విరుగుడు ఉన్నది. “దీనిని తయారుచేసింది మేము కాదు, ఇందులోని లోపాలు తెలుసుకోవడానికే వచ్చాము” అని ముందే నిజాయితీగా చెప్పగలవారిని పంపాలి. తయారుచేసినవారే వెళ్లక తప్పనప్పుడు, నచ్చిందా అని అడగడం మాని, వాడి చూపించమని కోరాలి. నోరు మర్యాద పాటిస్తుంది కానీ, తడబడే చేయి నిజాన్ని చెబుతుంది.

3. జరిగినదానిని విడిచి జరగబోయేదానిని అడగడం

“ఇలాంటి సౌకర్యం కల్పిస్తే వాడుతారా?” అని అడిగితే వాడుతామనే అంటారు. రేపటి ప్రవర్తనను ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. “గడచిన వారంలో మామిడికాయల ధర ఎవరిని అడిగి తెలుసుకొన్నారు? ఆ తరువాత ఏం చేశారు?” అని అడిగితే రైతు జరిగిన సంగతి చెబుతాడు. మండీ వ్యాపారికి ఫోన్ చేశాడా, పక్కతోట రైతును అడిగాడా, అడగకుండానే కాయలు తోలుకుపోయాడా అన్నది తెలుస్తుంది. కోరిక వేరు, అలవాటు వేరు. కోరికను మాత్రమే నమ్మి నిర్మించినవి తరచు దుమ్ము పట్టి మూలన పడతాయి.

ఈ సందర్భంలో మన జిల్లాలో జరిగిన ఒక ప్రయత్నాన్ని స్మరించుకోవాలి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలసి, మూడేళ్ల గడువుతో, కుప్పం ప్రాంతంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. గ్రామీణులకు సమాచార సేవలు అందించడంతో పాటు, గ్రామాలకు తగిన సాంకేతిక సాధనాలు ఎలా ఉండాలో అక్కడి ప్రజల నుంచి తెలుసుకోవడం కూడా దాని లక్ష్యం. అందులో భాగంగా స్వయంసహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, వెంట తీసుకుపోగల ముద్రణ యంత్రం, వాటికి సౌరశక్తితో విద్యుత్తును సమకూర్చే సామగ్రి ఇచ్చి, ఛాయాచిత్రాలు తీయడంలో శిక్షణ ఇచ్చారు. గుర్తింపు పత్రానికో, శుభకార్యానికో ఛాయాచిత్రం కావలసిన పల్లెవాసులకు ఆ సేవ ఇంటి ముంగిటికి వచ్చింది. ఛాయాచిత్రం అన్నది పల్లెకు అప్పటికే ఉన్న అవసరం. విద్యుత్తు కొరత అప్పటికే ఉన్న వాస్తవం. ఈ రెండింటినీ గమనించి రూపొందించిన సాధనానికి ‘మీరు వాడుతారా?’ అన్న ప్రశ్నతో అంతగా పని లేదు.

4. ఎదుటపడినవారినే అడిగి ఊరుకోవడం

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక సుమారు కోటి మందికి అభిప్రాయ పత్రాలు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. కానీ 48 రాష్ట్రాలలో 46 రాష్ట్రాలను రూజ్‌వెల్ట్ గెలుచుకొన్నాడు. ఆ పత్రిక పేర్లను ప్రధానంగా టెలిఫోన్, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి సేకరించింది. ఆర్థిక మాంద్యం నాటి బీదలు ఆ జాబితాలలో తక్కువ. పత్రం అందినవారిలో కూడా జవాబు రాసి పంపినవారు కొందరే. సంఖ్య పెద్దదైనంత మాత్రాన సత్యం దొరకదని దీనివల్ల లోకానికి తెలిసింది.

మన గ్రామాలలో ఈ దోషం మరో రూపంలో కనిపిస్తుంది. పరిశోధకులు ఊరికి పోయి రచ్చబండ వద్ద కూర్చున్నవారిని అడిగి వస్తారు. అక్కడ ఉండేవారు తీరిక ఉన్న పురుషులు. చౌకధరల దుకాణం ముందు నిలబడే స్త్రీ, పాడి పశువుల పని చూసే ఇల్లాలు, కూలికి పోయిన మనిషి అక్కడ ఉండరు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక సేవను వాడబోయి విసిగి మానుకొన్నవారు ఎక్కడా కనిపించరు. నా ప్రశ్నావళిని నేను గ్రంథాలయానికి వచ్చేవారికే పంచాను. రావడం మానినవారిని అడగలేదు.

ఎంతమందిని అడగాలి అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఒక సాధనంలోని లోపాలను కనుగొనడానికి అయిదుగురు వాడుతుండగా గమనిస్తే చాలావరకు సరిపోతుందని జాకబ్ నీల్సన్ 2000లో వాదించాడు. ఇది లోపాలు వెదకడానికి సంబంధించిన మాట. ఒకే రకమైన వినియోగదారులకు ఇది వర్తిస్తుంది. ‘నూటికి ఎంతమంది’ అని చెప్పదలచినప్పుడు అయిదుగురు ఎంతమాత్రం చాలరు. ఈ భేదం తెలియక కొందరు అయిదుగురిని అడిగి శాతాలు ప్రకటిస్తారు. మరికొందరు వేలమందిని అడిగి కూడా ఒక్కరు ఎక్కడ తడబడుతున్నారో చూడరు.

5. తమ మాటతో వారిని అడగడం

పుస్తకాలలో ‘వేరుశనగ’ అని రాస్తాము. చిత్తూరు పల్లెలలో ‘శెనక్కాయలు’ అంటారు. తెలంగాణలో ‘పల్లీలు’ అంటారు. గ్రంథాలలోని ‘నాగలి’ ఇక్కడి రైతుకు ‘మడక’. వరి పండే మడిని ‘కయ్య’ అంటారు, వర్షాధారపు నేలను ‘చేను’ అంటారు. ఈ తేడా తెలియక “మీ పొలం ఎంత?” అని అడిగితే రైతు దేని లెక్క చెప్పాడో అడిగినవారికి తెలియదు. కుప్పం వంటి సరిహద్దు ప్రాంతంలో తెలుగుతో పాటు తమిళ, కన్నడాలు కూడా జనం నాలుకలమీద నడుస్తాయి. అక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఈ విషయంలో మనకు ఉత్తమమైన ఆదర్శం తెలుగులోనే ఉన్నది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కూడా అధ్యాపకులుగా పనిచేసిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటాన్ని 1962లో ప్రచురించింది. అది వ్యవసాయ పదాలకు సంబంధించినది. దానికోసం పరిశోధకులు పదాలను గ్రంథాలనుంచి కాక, సేద్యం చేసేవారి నోటినుంచి సేకరించారు. ఏ ప్రాంతంలో ఏ మాట వాడుకలో ఉన్నదో గుర్తించారు. వారు రైతుకు భాష నేర్పడానికి పోలేదు, రైతు వద్ద భాష నేర్చుకోవడానికి పోయారు. నేడు తెరమీద కనిపించే తెలుగు మాటలను ఎంచుకొనేవారు ఆ మార్గాన్ని అనుసరించాలి.

6. దేశకాలాలను విస్మరించడం

దండి చెప్పిన దోషాలలో దేశకాలాది విరోధం ఒకటి. ఒక ప్రాంతంలో లేనిదానిని ఉన్నట్లు, ఒక రుతువులో జరగనిదానిని జరిగినట్లు వర్ణించడం దాని స్వరూపం. పరిశోధనలోనూ ఈ దోషం ఉన్నది. చల్లని గదిలో, తీరికగా కూర్చున్న మనిషి చేతికి యంత్రాన్ని ఇచ్చి పరీక్షిస్తే ఫలితం బాగానే ఉంటుంది. అదే యంత్రాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో, చంకన బిడ్డతో, వెనుక వరుసలో తొందరపెట్టేవారి నడుమ వాడవలసి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ప్రాణాలకు సంబంధించినది కూడా కావచ్చు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం భక్తులు పెద్దసంఖ్యలో గుమిగూడినప్పుడు తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. అస్వస్థతకు గురైన ఒకరికి సాయం చేయడానికి తలుపు తెరవగా, టోకెన్లు ఇవ్వడానికే తెరిచారని భావించి జనం ముందుకు తోసుకొచ్చారని అప్పటి వార్తలు తెలిపాయి. అటువంటి దుర్ఘటనకు కారణాలు ఒకటి కాదు, అనేకం ఉంటాయి. మన పాఠానికి సంబంధించిన అంశం ఒక్కటే. తలుపు తెరిచినవారి దృష్టిలో దాని అర్థం వేరు, గంటల తరబడి నిరీక్షించినవారి దృష్టిలో దాని అర్థం వేరు. ఏ సంకేతాన్ని, ఏ స్థితిలో ఉన్న మనిషి ఎలా గ్రహిస్తాడన్నది ముందుగా, ఆ చోటనే, ఆ రద్దీలోనే గమనించి తెలుసుకోవలసిన విషయం. పండుగనాటి వరుసను మామూలు రోజున పరీక్షించి తృప్తిపడడం దేశకాల విరోధమే అవుతుంది.

7. నచ్చినదానినే వినడం

చివరి దోషం జవాబులు చేతికి వచ్చిన తరువాత సంభవిస్తుంది. పదిమంది చెప్పినదానిలో మన ఊహను బలపరిచే మూడు మాటలను ఏరుకొని, తక్కిన ఏడింటిని “వారికి అర్థం కాలేదు” అని తోసిపుచ్చడం సులభం. నిజానికి ఆ ఏడుగురికి అర్థం కాకపోవడమే మనం తెలుసుకోవలసిన సత్యం. పరిశోధన ఆరంభించేముందే “ఏ జవాబు వస్తే నా అభిప్రాయం తప్పని ఒప్పుకొంటాను?” అని ప్రశ్నించుకొని, దానిని రాసిపెట్టుకోవడం మంచి పద్ధతి. ఒకరే విని ఒకరే నిర్ణయించకుండా, ఇద్దరు ముగ్గురు కలసి వినడం, చెప్పినవారి మాటలను వారి పలుకుబడిలోనే రాసుకోవడం కూడా ఈ దోషాన్ని తగ్గిస్తాయి.

దీనికి అనుబంధంగా ధర్మసూక్ష్మం ఒకటి ఉన్నది. మనం అడిగేది ఎందుకో ఎదుటివారికి చెప్పాలి, వారి సమ్మతి తీసుకోవాలి, ఇష్టం లేకుంటే మానుకొనే స్వేచ్ఛ ఇవ్వాలి. వారి పేరు, ఫోన్ నంబరు, కుటుంబ విషయాలు మన సొత్తు కావు. వ్యక్తిగత సమాచార రక్షణకు మనదేశంలో 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం రాకముందు కూడా ఇది మర్యాద. అంతేకాదు, ఒక ఊరివారిని అడిగి తెలుసుకొన్న విషయంవల్ల ఏ మార్పు జరిగిందో ఆ ఊరికి తిరిగిపోయి చెప్పడం పరిశోధకుని విధి. పంటకాలంలో పని మానుకొని మనతో మాట్లాడిన రైతు ఆ రోజు కూలిని మనకు దానం చేశాడని గుర్తుంచుకోవాలి.

ముగింపు

పైన చెప్పిన దోషాలు ఏడైనా, వాటిని నివారించే మార్గం వైద్యుడు రోగి వద్ద పాటించే క్రమంలోనే ఉన్నది. మొదట చూడాలి. వీలైతే ఆ పనిని మన చేతులతో చేసి చూడాలి. ఆ తరువాత, జరిగిన సంగతులను గురించి, వారి మాటలలో, తక్కువగా అడిగి ఎక్కువగా వినాలి.

మా కళాశాలలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న తరువాత ప్రతి రచయితకు రెండు మూడు కార్డులు రాయించాము. ఇంటిపేరుకు ఒకటి, వాడుకలో ఉన్న పేరుకు ఒకటి, పుస్తకం పేరుకు ఒకటి. ఆ పనికి ఒక వేసవి సెలవు పట్టింది. జూన్‌లో కళాశాల తెరిచాక ఆమె వచ్చి ‘రా’ అక్షరం కింద వెదికి పుస్తకం తీసుకొని వెళ్లింది. కార్డు మారిందని ఆమె గమనించినట్లు లేదు, ఆమెకు మేము చెప్పనూ లేదు.

ఆలోచించండి – రాయండి

1. రచయిత తన ప్రశ్నావళిలోని ఏయే దోషాలను ఈ పాఠంలో ఒప్పుకొన్నాడు? వివరించండి.
2. ‘లిటరరీ డైజెస్ట్’ ఉదంతం ద్వారా మనం గ్రహించవలసిన విషయం ఏమిటి?
3. మీ ప్రాంతంలో పంటలకు, పనిముట్లకు వాడే పది మాటలను పెద్దలను అడిగి సేకరించి, పుస్తకాలలోని మాటలతో పోల్చండి.
4. బస్‌స్టేషన్‌లోనో, బ్యాంకులోనో, చౌకధరల దుకాణంలోనో అరగంటసేపు నిలబడి, జనం ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఎవరినీ ప్రశ్నించకుండా ఒక పుటకు మించని నివేదిక రాయండి. అందులో ఎవరి పేరునూ పేర్కొనవద్దు.